పార్సిప్పనీలో చందుర్తి యుద్ధం

లక్ష్మీపతిగారిని ఎవరైనా "మీదే ఊరండీ?" అని అడిగితే, "చందుర్తి" అని ఊరుకుంటారు. ఊరుకుని ఎదుటివాళ్ళ మొహంలోకి చూస్తారు. ఆ చూపులో చిన్న ఆశ ఉంటుంది. "చందుర్తా? ఫ్రెంచివాళ్ళు ఓడిపోయిన చందుర్తేనా?" అంటారేమోనని. న్యూజెర్సీకి వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఆ మాట ఒక్కరూ అన్న పాపాన పోలేదు. "ఎక్కడండీ అది?" అంటారు. "పిఠాపురం దగ్గర" అని ఆయనే చెప్పుకోవాల్సి వస్తుంది. పిఠాపురం అందరికీ తెలుసు. అక్కడితో ఆగే మనిషైతే పార్సిప్పనీలో ఆయనకి స్నేహితులు ఇంకో నలుగురు ఎక్కువే ఉండేవాళ్ళు.

ఆగరు. పదిహేడువందల యాభై ఎనిమిది, డిసెంబరు నెల అని మొదలుపెడతారు. విజయనగరం ఆనంద గజపతి రాజుకి ఫ్రెంచివాళ్ళతో చెడింది. ఇంగ్లీషువాళ్ళని పిలిపించుకున్నాడు. ఇటు కర్నల్ ఫోర్డు, అటు ఫ్రెంచి కాన్‌ఫ్లాన్సు. చందుర్తి దగ్గర పొలాల్లో రెండు సేనలూ ఎదురుపడ్డాయి. మధ్యలో మనిషెత్తు చేను. ఇంగ్లీషు తెల్లపటాలం వెళ్ళి ఆ చేను చాటున పడింది. ఎర్రకోట్లు తొడుక్కున్న మన దేశపు సిపాయిలు మాత్రం బయట కనబడుతూ నిలబడ్డారు. ఎర్రకోటంటే తెల్లదొరలు తొడుక్కునేది కాబట్టి, అది కనబడగానే ఫ్రెంచివాళ్ళు అదే తెల్లపటాలం అనుకుని వెళ్ళి వాళ్ళ మీద పడ్డారు. ఎర్రకోట్లవాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఫ్రెంచివాళ్ళు గెలిచాం అనుకున్నారు. అప్పుడు చేలోంచి తెల్లపటాలం బయటికొచ్చింది.

"ఏం ఎత్తండీ!" అంటారు లక్ష్మీపతిగారు ఇక్కడికొచ్చేసరికి, తానే దగ్గరుండి వేయించినట్టు. ఈపాటికి ఎదుటివాళ్ళ భార్య వచ్చి "ఏవండీ, ట్రాఫిక్ పెరిగిపోతుంది" అని వాళ్ళాయన్ని తీసుకుపోతూ ఉంటుంది.

ఆయనకి ఇంకో గుణం కూడా ఉంది. "తెలీదు" అన్న మాట ఆయన నోట రాదు. రూట్ ఫార్టీసిక్స్ మీద దారి తప్పినా "ఇటునుంచి కూడా వెళ్ళొచ్చు" అంటారు. వెళ్తారు కూడా. ఓసారి అలా వెళ్ళి వెళ్ళి పెన్సిల్వేనియాలో తేలారు. పక్క సీట్లో ప్రమోదగారు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ఆవిడ చాలా విషయాల్లో అలా కిటికీలోంచి చూస్తూ ఊరుకోవడం అలవాటు చేసుకున్నారు.

చదువు కెమికల్ ఇంజనీరింగు. ఉద్యోగం ఒక రంగుల ఫ్యాక్టరీలో, మొదటి నుంచి చివరిదాకా ఒకటే. అమెరికన్లకి ఆయన పేరు నోరు తిరక్క "లక్కీ" అని పిలిచేవాళ్ళు. పాతిక సంవత్సరాలు సూపర్‌వైజరుగా ఉంచి, ఉన్నట్టుండి ఒక వసంతకాలంలో ఆయన్ని ప్లాంట్ మేనేజర్ని చేశారు. ఊరి పేపర్లో ఫోటో పడింది. ఆయనకి ఏనుగెక్కినంత సంబరం. ఇంక ఆయనకి ఇల్లు పట్టించుకునే తీరిక ఉండదని, ప్రమోదగారు ఎంతో ఇష్టపడి చేస్తున్న కౌంటీ లైబ్రరీ ఉద్యోగం మానేశారు. ఎండాకాలం పోకముందే కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీ మూసేశారు. ఆ కబురు కెఫెటీరియాలో నిలబడి పనివాళ్ళందరికీ చెప్పింది ప్లాంట్ మేనేజర్ లక్ష్మీపతిగారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దలు రోడ్డవతల హోటల్లో కూర్చుని, అంతా అయ్యాక ఫోన్ చేసి "ఎలా తీసుకున్నారు?" అని అడిగారు.

ఆ రోజు వాల్టర్ అనే ఫోర్‌మన్, ఆయనతో కలిసి ఇరవై ఏళ్ళు భోజనం చేసినవాడు, అందరి ముందూ ఒక్కటే అడిగాడు. "లక్కీ, నీకు ముందే తెలుసా?"

"తెలుసు" అన్నారు లక్ష్మీపతిగారు.

నిజానికి ఆయనకి ఆ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. కానీ ప్లాంట్ మేనేజర్ అయి ఉండి తెలీదంటే ఏం బావుంటుంది? అందుకని తెలుసన్నారు. వాల్టర్ ఆ తరవాత ఆయనతో మాట్లాడలేదు. ఆ మాట ఆ నోటా ఈ నోటా ప్రమోదగారి దాకా కూడా వచ్చింది. ఆవిడ ఏమీ అడగలేదు. ఈయనా ఏమీ చెప్పలేదు. నలుగురిలో కూర్చున్నప్పుడు మాత్రం "ఆ ప్లాంటుకి మొదటి ఇండియన్ మేనేజర్ని నేనే" అంటూ ఉంటారు, చందుర్తి కథకీ దానికీ మధ్య సందు దొరికితే.

ఇంతకీ ఈ సంవత్సరం సంగతేమిటంటే, ఇల్లు అమ్మేశారు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ లోపల సామాన్లు సర్దుకుని దక్షిణాన ఎక్కడో ఉన్న ఫ్రిస్కోలో కొడుకు మానవ్ ఇంటికి దగ్గర్లో ఇల్లు తీసుకుని వెళ్ళిపోవాలి. అక్కడా తెలుగువాళ్ళున్నారు, అక్కడా సంఘం ఉంది. కానీ అక్కడ ఆయన "మానవ్ వాళ్ళ నాన్నగారు". నిన్న గాక మొన్న వచ్చిన ముసలాయనకి స్టేజీ ఎవరిస్తారు? చందుర్తి యుద్ధం నలుగురి కళ్ళా పడాలంటే ఈ దీపావళికి, ఈ పార్సిప్పనీలోనే పడాలి. పడకపోతే ఇంక పడదు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. ఇది మాత్రం నిజంగా తెలుసు.

తెలుగు సంఘం ప్రెసిడెంటు డాక్టర్ రామమోహనరావుగారు, గుండె వైద్యుడు, బొబ్బిలివైపు మనిషి. ఆయన ఉన్నంతకాలం దీపావళి ఫంక్షన్లో యుద్ధం అంటే బొబ్బిలి కోట సీనే. పాపారాయుడి వేషం ఆయనే కడతారు. ఇన్నేళ్ళలో ఆ మీసం తప్ప అన్నీ మారాయి. విజయనగరం రాజు గెలిచిన యుద్ధాన్ని బొబ్బిలివాడి సంఘంలో ఆడించడం అంటే మాటలా? లక్ష్మీపతిగారు ఏళ్ళ తరబడి చెవినిల్లు కట్టుకుని పోరుతూనే ఉన్నారు. ఆయన నవ్వి దాటేస్తూనే ఉన్నారు.

ఈసారి మాత్రం డాక్టరుగారు మెత్తబడ్డారు. "వెళ్ళిపోతున్నారు కదండీ లక్ష్మీపతిగారూ. శాలువా కప్పుదామనుకున్నాం. దాని బదులు పన్నెండు నిమిషాలు ఇస్తాను, మీ యుద్ధం చేసుకోండి. పన్నెండంటే పన్నెండే. తరవాత నా సీను."

శాలువా పోతే పోయింది. లక్ష్మీపతిగారు కాలికి బలపం కట్టుకుని తిరగడం మొదలుపెట్టారు.

మొదటి చిక్కు పిల్లల దగ్గరే వచ్చింది. ఒక్కరూ ఇంగ్లీషువాళ్ళుగా ఉండం అన్నారు. వాళ్ళ స్కూలు పుస్తకాల్లో ఇంగ్లీషువాళ్ళు విలన్లు. ఫ్రెంచివాళ్ళేమో అమెరికాకి సాయం చేసిన ఫ్రెండ్సు. అందరూ ఫ్రెంచివాళ్ళే అవుతామని పట్టు. లక్ష్మీపతిగారు బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి అరటిపండు ఒలిచినట్టు చెప్పినా ఎక్కలేదు. చివరికి ఇంగ్లీషువాళ్ళకి టీమ్ రెడ్, ఫ్రెంచివాళ్ళకి టీమ్ వైట్ అని పేర్లు పెడితే ఒప్పుకున్నారు. ఎవరింటి సంగీత్‌లోనో మిగిలిన ఎర్ర కుర్తాలు దొరికాయి. తెల్ల కుర్తాలకి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కొదవేమిటి? హైస్కూల్లో చదివే పొడుగాటి రాజ్ కాన్‌ఫ్లాన్స్ అయ్యాడు.

ఇంక చేను. హాలోవీన్‌కి అమెరికన్లు గుమ్మాల ముందు ఎండిన మొక్కజొన్న చొప్ప కట్టలు నిలబెడతారు. అది అయిన మర్నాడు లక్ష్మీపతిగారు కారేసుకుని వీధి వీధీ తిరిగి, బెల్లు కొట్టి, "మీ చొప్ప మీకు అక్కర్లేకపోతే నేను తీసుకుపోనా?" అని అడిగారు. డెబ్భై ఏడేళ్ళ పెద్దమనిషి సూటు వేసుకుని వచ్చి చొప్ప అడిగితే ఎవరు కాదంటారు? కారంతా నిండింది. "మా ఊళ్ళో ఉన్నది జొన్న అయ్యుంటుంది, ఇది మొక్కజొన్న" అని మాత్రం కొంచెం బాధపడ్డారు. వారం రోజులు కార్లో ప్రమోదగారి చీరలకి చొప్ప అంటుకుంటూనే ఉంది.

అసలు చిక్కు ఆ చేనుతోనే వచ్చింది. కథ ప్రకారం సగంమంది పిల్లలు చేను చాటున దాక్కోవాలి. ఎత్తంతా అందులోనే ఉంది. కానీ తెలుగు సంఘం ఫంక్షన్లో ఏ తల్లి తన పిల్లని చొప్ప వెనకాల కూర్చోబెడుతుంది? మొదట అవని ఫోన్ చేసింది. అవని ఎడిసన్ ఊరినుంచి కూతుర్ని రిహార్సల్‌కి తీసుకొచ్చే అమ్మాయి.

"అంకుల్, మా అత్తయ్యవాళ్ళు కాకినాడ నుంచి లైవ్‌లో చూస్తారు. ఆద్య ఎనిమిది నిమిషాలు ఆ కార్న్ వెనకాలే ఉంటే వాళ్ళకి ఏం కనిపిస్తుంది చెప్పండి? ముందు లైన్లో పెట్టండి అంకుల్, ప్లీజ్."

ఆద్యని ముందు లైన్లోకి మార్చారు. దాంతో అందరికీ తెలిసిపోయింది. ఒకళ్ళకి గ్రాండ్‌పేరెంట్స్, ఒకళ్ళకి స్టూడియో ఫోటోగ్రాఫరు. రోజుకో పిల్ల చేలోంచి బయటికొచ్చి ఎర్రకోట్లలో చేరింది. ఇరవైమంది సిపాయిలు తయారయ్యారు. చేలో మిగిలింది ఇద్దరు, కవల పిల్లలు. బెటాలియన్ అంటే ఇద్దరేమిటని అడిగితే, "స్టేజీ మీద ఇద్దరు చాలు, సూచనగా" అన్నారు లక్ష్మీపతిగారు.

ఫ్రెంచివాళ్ళు తుపాకులు పేల్చగానే ఎర్రకోట్లలో కొందరు పడిపోవాలి కదా. చావడానికి పిల్లల్లో పోటీ మొదలైంది. అందరికంటే బాగా చచ్చేవాడు నీల్ అనే ఎనిమిదేళ్ళవాడు. మూడు గిరికీలు తిరిగి, గుండె పట్టుకుని, ఒక కాలు పైకెత్తి చచ్చేవాడు. ఇంట్లో సోఫా మీద, స్కూలు బస్ స్టాపులో కూడా ప్రాక్టీసు చేస్తున్నాడని వాళ్ళమ్మ చెప్పింది.

ఆద్య అలా కాదు. పదేళ్ళ పిల్ల, స్కూల్లో డ్రామా క్లాసు తీసుకుంటుంది. రిహార్సల్ ఆపి చెయ్యెత్తింది.

"లక్ష్మీపతి అంకుల్, ఒక క్వశ్చన్. మొన్న నేను కార్న్‌లో ఉంది. ఇప్పుడు ఫ్రంట్‌లో ఉంది. ఫ్రంట్‌లో ఉన్నవాళ్ళకి కార్న్ వెనక ఎవరో ఉన్నారని తెలుసా, తెలీదా?"

"ఎందుకమ్మా?"

"ఫేస్ కోసం. తెలిస్తే నేను కాన్ఫిడెంట్ ఫేస్ పెడతాను. తెలీకపోతే స్కేర్డ్ ఫేస్. ఏది పెట్టాలి?"

లక్ష్మీపతిగారు నోరు తెరిచారు. చందుర్తి యుద్ధం గురించి ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది. అడగడానికి మొదలు ఎవరైనా చివరిదాకా వింటేగా. ఆయనంతట ఆయనకీ ఎప్పుడూ తోచలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఆ కథని చేను లోపల కూర్చునే చెప్పారు.

"తెలుసు" అన్నారు. "వాళ్ళకి అంతా ముందే తెలుసు. కాన్ఫిడెంట్ ఫేసే పెట్టు."

"ఓకే" అంది ఆద్య. గడ్డం పైకెత్తి, ఎవరో పెద్దవాళ్ళు వెనకాల ఉన్నారన్న ధీమాతో ముందుకి చూసింది. బాగా కుదిరింది.

లక్ష్మీపతిగారికి ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు ఏదో పనుందని కారు తీసి, ఫ్యాక్టరీ ఉండే చోటికి వెళ్ళి కూర్చున్నారు. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు వచ్చాయి. ఎదురుగా హోటలు అలాగే ఉంది. పేరు మారింది, అంతే. "ఇన్నాళ్ళకి నన్ను మేనేజర్ని ఎందుకు చేశారా అనుకున్నాను" అని ఆయన తనలో తాను అనుకున్నారు. "ఎర్రకోటు తొడిగారు." కారు తిప్పుకుని ఇంటికొచ్చారు. ప్రమోదగారు ఎక్కడికెళ్ళారని అడగలేదు.

ఫంక్షను రోజు హైస్కూలు ఆడిటోరియం కిటకిటలాడింది. అన్నీ ఆలస్యమయ్యాయి. కూచిపూడి రెండైంది, స్పాన్సర్లకి సన్మానం అయింది, రాఫిల్ టికెట్ల లాటరీ అయింది. పాపారాయుడి వేషంలో డాక్టరుగారు చెక్క కత్తితో పక్కకి పిలిచి, "లక్ష్మీపతిగారూ, ఏడు నిమిషాలండీ" అన్నారు. లక్ష్మీపతిగారు పళ్ళు నూరుకుని సరే అన్నారు. మైకు పట్టుకుని స్టేజీ పక్కన నిలబడ్డారు. మూడో వరసలో ప్రమోదగారు కనబడుతున్నారు. తెర లేచింది.

చేను బ్రహ్మాండంగా ఉంది. జనం ఒక్కసారి "ఓ" అన్నారు. ఆయన "పదిహేడువందల యాభై ఎనిమిది, డిసెంబరు నెల" అని మొదలుపెట్టారు. జీవితంలో మొదటిసారి ఆ వాక్యం తరవాత ఎవరూ లేచి వెళ్ళలేదు.

సరిగ్గా అప్పుడే అటుపక్క తెర చాటునుంచి కవల పిల్లల తల్లి చెయ్యి బయటికొచ్చింది. "వీడియో తీస్తున్నారు, ముందుకెళ్ళండ్రా!" అని ఇద్దరినీ చేను వెనకనుంచి లాగి ముందు లైన్లోకి తోసేసింది. ఆవిడ తప్పేమీ లేదు. అందరి పిల్లలూ ముందే ఉన్నారు.

చేను ఖాళీ అయిపోయింది.

తెల్ల కుర్తాలు అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాయి. డ్రమ్ము మోగుతోంది. చీరలో నగలో సర్దుకునే చప్పుడు కూడా హాల్లో లేదు. లక్ష్మీపతిగారు తరవాతి వాక్యం చదవాలి: ఫ్రెంచివాళ్ళు ఎర్రకోట్లని చూసి మోసపోయారు. ఆయన ఎర్రకోట్ల వంక చూశారు. మధ్యలో ఆద్య. గడ్డం పైకెత్తి, కాన్ఫిడెంట్ ఫేస్ పెట్టుకుని, ఏమాత్రం భయం లేకుండా నిలబడి ఉంది. చేలో ఎవరూ లేరని ఆ పిల్లకి తెలీదు. వెనకాల ఉన్నారని ఆయనే చెప్పారు. నమ్మింది.

ఆయనకి ఏడుపొచ్చింది. మైకు కుర్చీలో పడేసి స్టేజీ మీదికి నడిచారు.

ఫ్రెంచి సేనకీ ఎర్రకోట్లకీ మధ్య వెళ్ళి, పిల్లల వైపు తిరిగి నిలబడ్డారు. "వెనక్కి వచ్చెయ్యండర్రా" అన్నారు. మైకు లేకపోయినా ఆ మాట చివరి వరసదాకా వినబడింది. "చేలో ఎవరూ లేరు. మీకు చెప్పకుండా ముందు నిలబెట్టారు. పదండి, అందరం చేలోకి పోదాం."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఆద్య ముందు కదిలింది. మిగతావాళ్ళు గొర్రెపిల్లల్లా వెనకాల నడిచారు. నీల్ మాత్రం ఊరుకోలేకపోయాడు. మూడు వారాల ప్రాక్టీసు ఏం కావాలి? మూడు గిరికీలు తిరిగి, గుండె పట్టుకుని దబ్బున పడ్డాడు. లక్ష్మీపతిగారు మోకాళ్ళు పట్టేస్తున్నా వంగి వాడి చంకల్లో చేతులు వేసి లేవదీశారు.

"లే నాన్నా. నువ్వు పడలేదు."

"బట్ అంకుల్, ఐయామ్ డెడ్."

"లేదు నాన్నా. నడు."

వాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ చొప్ప వెనక్కి వెళ్ళిపోయారు. స్టేజీ మీద ఫ్రెంచివాళ్ళొక్కళ్ళే మిగిలారు. రాజ్ కాసేపు కత్తి ఎత్తి నిలబడి, చెయ్యి నొప్పిపుట్టి దించాడు. చేను వైపు చూసి, "అంకుల్, ఇప్పుడు మేం ఏం చెయ్యాలి?" అన్నాడు.

"ఇంటికెళ్ళిపోండి బాబూ" అని చేలోంచి వినబడింది.

చరిత్రలో ఫ్రెంచివాళ్ళు అక్కణ్ణుంచి రాజమండ్రి వైపు పోయారు. పార్సిప్పనీలో సమోసాల వైపు పోయారు. జనం ఇదే కథ కాబోలు అనుకుని గట్టిగా చప్పట్లు కొట్టారు. టైము లోపలే అయిపోయినందుకు అందరికంటే గట్టిగా కొట్టింది పాపారాయుడు. సంఘం వాట్సాప్ గ్రూపులో వీడియో అప్పటికే పడింది, కింద ఎవరో రాశారు కూడా: చందుర్తి యుద్ధం, విజేతలు ఫ్రెంచివారు.

భోజనాలు స్కూలు కెఫెటీరియాలో. లక్ష్మీపతిగారు ఒక మూల పొడుగు బల్ల దగ్గర కూర్చుని కాగితం పళ్ళెంలో పులిహోర కెలుకుతున్నారు. ప్రమోదగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఫోన్లో వాట్సాప్ చూపించారు. యాభై ఏళ్ళ పోరాటం ఒక్క లైనులో తిరగబడింది. ఆయన చదివి, ఫోన్ ఆవిడకి ఇచ్చేశారు.

"ప్రమోదా, ఆ రోజు నాకూ తెలీదు."

"ఏ రోజండీ?"

"ప్లాంటు మూసేసిన రోజు. ఆ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. వాల్టర్ అడిగితే తెలుసన్నాను. తెలీదు."

ప్రమోదగారు చెంచా కింద పెట్టారు. ఇక్కడ చూడటానికి కిటికీ కూడా లేదు.

"నేను లైబ్రరీలో పని మానేస్తానంటే మానెయ్యమన్నారు కదండీ. అన్నీ తెలిసుండి మానిపించారని ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను. మరి తెలుసని ఎందుకన్నారు?"

"మేనేజర్ని కదా."

ఆవిడకి కోపం వచ్చింది, నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అన్నీ ఒకేసారి రావడంతో ఏం చెయ్యాలో తోచక పమిటకి అంటుకున్న చొప్ప ముక్క తీసి బల్ల మీద పెట్టారు. "ఎంతపని చేశారండీ" అన్నారు.

చేతిలో బొబ్బట్టుతో ఆద్య వచ్చింది. కుర్తా ఇంకా ఎర్రదే.

"లక్ష్మీపతి అంకుల్, సో హూ వన్? ఎవరు గెలిచింది?"

ఆ ప్రశ్న కోసం ఆయన యాభై ఏళ్ళుగా ఎదురు చూస్తున్నారు. అడిగినవాళ్ళు లేరు గానీ జవాబు ఎప్పుడూ నాలిక మీదే ఉండేది.

"నాకు తెలీదమ్మా" అన్నారు. "మనవాళ్ళు మాత్రం ఎవరూ పడలేదు."

ప్రమోదగారు తలెత్తి ఆయన వంక చూశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తెలీదనగా ఆవిడ వినడం ఇది రెండోసారి. మొదటిసారి ఇందాక, ఈ పులిహోర తింటూనే.